సరసకు సరసమైన ధరెంత?

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న చెల్లెలు సంక్రాంతికి ఇంటికొచ్చింది. అక్కడ ఓ పార్కులో చూసిన చేతివృత్తుల సంత గురించి చెప్పి చెప్పి మమ్మల్ని ఊరించింది. 'మన దగ్గర అలాంటివి ఏవక్కా?' అంది. వడమాలపేటలో పొద్దున బయల్దేరి రాత్రి భోజనాల వేళకు తిరిగొచ్చేసరికి ఆమెకు జవాబు దొరికింది. మాకు మాత్రం ఓ ప్రశ్న మిగిలింది!

వడమాలపేట పెద్ద ఊరేం కాదు. తిరుపతి, పుత్తూరుల మధ్య చెన్నై రోడ్డు మీద ఉంటుంది. చుట్టూ కొండలు, మామిడితోటలు. తిరుమల వచ్చిపోయే చెన్నై వాహనాలు ఇక్కడి టోల్‌గేటు దగ్గర కాసేపు ఆగి వెళ్లిపోతాయి. చాలామందికి ఈ ఊరితో పరిచయం అంతే. మాకు మాత్రం ఇది చిన్నమ్మ వాళ్ల ఊరు. ఏటా సంక్రాంతికి రెండ్రోజులు అక్కడే. ఆ సమయానికి మామిడి పూత మొదలై ఉంటుంది. పొద్దున్నే వాకిట్లో నిలబడితే చలి, పూత వాసన కలిసి పలకరిస్తాయి.

ఈసారి పండక్కి చిన్నమ్మ కూతురు కూడా వచ్చింది. నాలుగేళ్లుగా టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెట్టె తెరిచి అందరికీ తలా ఓ కానుక పంచింది. వాళ్లమ్మ చేతిలో మాత్రం ఓ గుడ్డ పెట్టింది. చేతిరుమాలు కన్నా పెద్దది, తువ్వాలు కన్నా చిన్నది. దాని మీద ఎర్రటి పూలు, నల్లటి తీగలు. జపాన్‌వాళ్లు దీన్ని ఫురోషికి అంటారట. భోజనం డబ్బా నుంచి పుస్తకాల దాకా ఏదైనా అందులో మూటకట్టుకుని పట్టుకెళతారట.

చిన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. 'ఇదేందే, మన కాళాస్త్రి కలంకారీ మాదిరుండాది! దీన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చినావా?'

చెల్లెలు నవ్వింది. 'ఈ రకం బట్టను అక్కడ సరస అంటారమ్మా!'

చెట్ల కింద సంత

ఆ గుడ్డ కొన్నది మత్సుమోతోలో. టోక్యో నుంచి రైల్లో రెండున్నర గంటలకు పైగా ప్రయాణం. నగానో ప్రాంతంలో కొండల మధ్య ఉన్న ఊరు అది. నల్లటి కోటకు ప్రసిద్ధి. అక్కడి అగతానోమోరి పార్కులో ఏటా మే నెలాఖరు శని, ఆదివారాల్లో చేతివృత్తుల సంత జరుగుతుంది. 1985లో మొదలైంది. పచ్చిక మీద, దేవదారు చెట్ల నీడన వరసగా చిన్న చిన్న గుడారాలు. మట్టిపాత్రలు, చెక్క గిన్నెలు, గాజు సామాన్లు, నేత బట్టలు, వెదురు బుట్టలు... దేశం నలుమూలల నుంచీ వస్తాయి. దుకాణం పెట్టాలంటే ముందే దరఖాస్తు చేసుకోవాలి. పనితనం చూసి ఎంపిక చేస్తారు.

'అన్నిటికన్నా నాకు నచ్చింది ఏంటంటే, చేసినవాళ్లే అక్కడ కూర్చుని ఉంటారక్కా. నేనో చెక్క గరిటె కొన్నాను. దాన్ని చేసినాయన ఐదు నిమిషాలు నాతో మాట్లాడాడు. వాడాక నీళ్లలో నానబెట్టొద్దు, తుడిచి ఆరబెట్టు, అప్పుడప్పుడూ కాస్త నూనె రాయి అని చెప్పాడు. గరిటె వెనక ఆయన గుర్తు కూడా ఉంది. రోజంతా తిరిగాను. ఒక్కచోట కూడా బేరాలాడటం వినపడలేదు' అని చెప్పుకొచ్చింది.

చేతివృత్తులకు జపాన్‌వాళ్లు ఇచ్చే విలువ చట్టాల్లోనూ కనిపిస్తుంది. అరుదైన కళల్లో ఆరితేరినవాళ్లను 1955 నుంచి ప్రభుత్వం గుర్తించి గౌరవిస్తోంది. జనం వాళ్లను 'సజీవ జాతీయ సంపద' అని పిలుచుకుంటారు. సంప్రదాయ చేతిపనులను కాపాడటానికి 1974లో ప్రత్యేకంగా ఓ చట్టం తెచ్చారు. అలాగని అక్కడ కష్టాల్లేవని కాదు. పని నేర్చుకునే పిల్లలు కరవవడం అక్కడా ఉన్నదే. అందుకే చేసేవాళ్లనూ కొనేవాళ్లనూ ఒకే చెట్టు కిందికి తెచ్చే అలాంటి సంతలకు అంత విలువ.

ఓడెక్కిన మన గుడ్డ

ఇక 'సరస' సంగతి. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మన కోరమాండల్ తీరానికి వచ్చింది ముఖ్యంగా బట్టల కోసమే. మచిలీపట్నంలో వాళ్లకు వర్తక స్థావరం ఉండేది. సూళ్లూరుపేటకు దగ్గర్లోని పులికాట్‌లో 1613లో కోట కట్టుకున్నారు. అటు జపాన్‌లో 1641 నుంచి నాగసాకి దగ్గరున్న దెజిమా అనే చిన్న దీవిలో వ్యాపారం చేసుకునేవారు. అప్పట్లో యూరప్‌వాళ్లలో జపాన్‌లో అడుగుపెట్టే అనుమతి వాళ్లకొక్కరికే ఉండేది. అలా మన తీరంలో రంగులద్దిన నూలుబట్టలు ఓడలెక్కి జపాన్ చేరాయి. ఉతికినా వెలిసిపోని ఆ ఎరుపు చూసి అక్కడివాళ్లు ముచ్చటపడ్డారు. తేనీటి వేడుకల్లో వాడే విలువైన పాత్రలకు ఈ గుడ్డతో సంచులు కుట్టించుకున్నారు. చిన్న ముక్కల్ని కూడా పారేయకుండా పుస్తకాల్లో అతికించి దాచుకున్నారు. తర్వాత కాగితం అచ్చులతో తామే అలాంటి బట్టలు తయారుచేయడం నేర్చుకున్నారు. చిన్నమ్మకు వచ్చిన కానుక ఆ కోవలోదే.

'మన గుడ్డను చూసి నేర్చుకుని మనకే కానుకిస్తా ఉండారా?' చిన్నమ్మ ఆశ్చర్యపోయింది. 'పద, రేపు కాళాస్త్రి పోదాం. అసలుది యాడుండాదో నీకు చూపిస్తా.'

ఉలి చప్పుడు

మర్నాడు ఏడింటికే బయల్దేరాం. రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తి దారి. చిన్నమ్మ పులిహోర పొట్లాలు కట్టింది. చెల్లెలు వాటిని ఫురోషికిలో మూటకట్టి ఒళ్లో పెట్టుకుంది. కారులో అందరికీ నవ్వే!

ముందుగా మాధవమాల. ఏర్పేడు మండలంలోని ఈ ఊరు కొయ్య శిల్పాలకు పేరు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. ఇంటి ముందు పందిరే కార్ఖానా. ఓచోట వేంకటేశ్వరుడు పూర్తయ్యాడు. పక్కనే అమ్మవారికి ఇంకా ముఖం రాలేదు. దశావతారాల పలకలు, గుడి తలుపులు, పూజగది ద్వారబంధాలు... ఏ పంచలో చూసినా దేవుళ్లే.

ఓ పెద్దాయన కాళ్ల మధ్య దిమ్మెను ఒడిసిపట్టి చెక్కుతున్నాడు. చెల్లెలు పక్కనే చతికిలబడింది. 'తాతా, కళ్లు ఎప్పుడు చెక్కుతారు?' 'అన్నీ అయినాక, ఆఖర్న. కండ్లు సరిగ్గా రాకపోతే చేసిన పనంతా దండగే కదమ్మా!'

మాటల్లో ఎర్రచందనం ప్రస్తావన వచ్చింది. ఒకప్పుడు తిరుపతి వచ్చినవాళ్లు ఆ చెక్కతో చేసిన రాజారాణి బొమ్మల జత కొనుక్కుని వెళ్లేవారు. దసరా బొమ్మల కొలువుల్లో, ముఖ్యంగా తమిళుల ఇళ్లలో, వాటిదే పెద్దపీట. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం చుట్టుపక్కల కొండల్లోనే. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారం మీద నియంత్రణ ఉంది. ఇక్కడా జపాన్ ముడి ఉంది! శామిసెన్ అనే మూడు తీగల వాద్యం అక్కడ బాగా ప్రసిద్ధి. మేలురకం శామిసెన్ మెడకు ఎర్రచందనమే వాడతారు. ఆ సంగతి చెబితే పెద్దాయన ఉలి ఆపి, 'మన కొండ చెక్క అంత దూరం పోయి పాట పాడతా ఉందా!' అన్నాడు.

అరచేతిలో ఇమిడే గణపతిని కొన్నాం. ఆయన చెప్పిన ధరకు చిన్నమ్మ వంద తగ్గించింది. ఆయన ఏమీ అనలేదు. చెల్లెలు మాత్రం నా వంక చూసింది.

పాలు తాగే బట్ట

శ్రీకాళహస్తి చేరేసరికి పదకొండు. వాయులింగ దర్శనం, గాలిగోపురం, రాహుకేతు పూజల రద్దీ గురించి కొత్తగా చెప్పేదేముంది! ఇక్కడికి రోజూ వేలమంది వస్తారు. పూజ చేయించుకుని బస్సెక్కేస్తారు. గుడికి కాస్త దూరంగా ఉన్న వీధుల్లోకి తిరిగేవాళ్లు తక్కువ. మేం తిరిగాం.

ఓ ఇంటి అరుగు మీద బట్టలు పరిచి ఉన్నాయి. నా వయసే ఉన్న ఓ ఆవిడ లేచి పలకరించింది. చిన్నమ్మ కళ్లు ఓ గుడ్డ మీద పడ్డాయి. మధ్యలో చెట్టు, చుట్టూ నెమళ్లు. ధర పద్దెనిమిది వందలు.

'అంతా? మా ఊరికి వచ్చే మూటలాయన ఇట్లాంటిదే నాలుగొందలకు ఇస్తాడు. ఎనిమిదొందలు చేసుకో' అంది చిన్నమ్మ.

ఆవిడ కోప్పడలేదు. నా భుజం మీది చున్నీని ఓసారి చూసింది. కిందటేడు ఓ దుకాణంలో కలంకారీ అని చెబితే నేను ఇష్టపడి కొన్నది. 'అదేనామ్మా మూటలాయన ఇచ్చేది?' అని నవ్వి, 'లోపలికి వచ్చి చూసి పొండి. కొనకపోయినా పర్వాలేదు' అంది.

లోపల ఆమె మామగారు నేల మీద కూర్చుని గీస్తున్నారు. చేతిలో కలం. అంటే ఓ వెదురు పుల్ల. కొన సన్నగా చెక్కి, దాని పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించారు. రంగులో ముంచితే ఆ గుడ్డ పీల్చుకుంటుంది. వేలితో నొక్కితే రంగు కొనలోకి జారుతుంది. ఎంత నొక్కితే అంత లావు గీత. కలంకారీ అన్నది పారశీక భాష నుంచి వచ్చిన పేరు. ఇక్కడి పాతవాళ్లు దీన్ని 'వ్రాతపని' అంటారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దే కలంకారీ వేరు, చేత్తో రాసే ఈ కాళహస్తి పని వేరు.

ఆవిడ ఒక్కో దశా చూపించింది. మొదట ముతక నూలుబట్టను గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి అందులో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. చింతబరికెల బొగ్గుతో బొమ్మ వేసుకుంటారు. తర్వాత నలుపు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెట్టి తీసిన ద్రవంతో గీతలు గీస్తారు. దాన్ని కసిం అంటారు. కలంలో ఉన్నప్పుడు అది పలుచని నీళ్లలా ఉంది. బట్టను తాకిందో లేదో నల్లబడటం మొదలుపెట్టింది! కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు. అంతే రహస్యం.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆరాక పారే నీళ్లలో జాడిస్తారు. మంజిష్ఠ, చావలి వేరు లాంటి వాటితో కలిపి రాగి పాత్రలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన మరకను పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి పోగొడతారు. మళ్లీ పాలలో ముంచుతారు. అప్పుడు పసుపు, నీలం. పచ్చ రంగు కావాలంటే నీలం మీద పసుపు. ప్రతి దశకీ మధ్య ఉతకడం, ఆరబెట్టడం.

నీళ్లున్న ఏడు

'ఉతికేది చూస్తారా?' అని ఆవిడే స్వర్ణముఖి ఒడ్డుకు తీసుకెళ్లింది. ఈ పనికి నిలవ నీళ్లు పనికిరావు. అదనపు రంగును ప్రవాహం లాక్కుపోవాలి. లేదంటే పక్కకు అంటుకుంటుంది. స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. అప్పుడు తొట్లలో బోరు నీళ్లు పట్టుకుని తిప్పలు పడాలి. ఈసారి ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడ్డాయి. ఏట్లో మోకాలి లోతు పారుతోంది.

ఇద్దరు కుర్రాళ్లు నీళ్లలో నిలబడి బట్టను అటూ ఇటూ ఊపుతున్నారు. ఒడ్డున ఇసుక మీద పది పన్నెండు బట్టలు ఎండకు పరిచి ఉన్నాయి. ఒకదాని మీద రాముడి పట్టాభిషేకం. ఇంకోదాని మీద సాలెపురుగు, పాము, ఏనుగు. శ్రీకాళహస్తి పేరే అదిగా! చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా అంది. 'మత్సుమోతోలో ఏడాదికి రెండే రోజులక్కా. ఇక్కడ రోజూ ఉంది. వచ్చేవాళ్లే లేరు.'

చిన్నమ్మ మాత్రం లెక్కల్లో ఉంది. 'ఆ నెమళ్ల గుడ్డకు ఎన్ని దినాలు పడతాదమ్మా?'

'ఒక్కటే చేస్తే గిట్టదు. నాలుగైదు కలిపి ఉడకేస్తాం. మొత్తం మూడు వారాలు అవతాది. గీతకు, రంగుకు కూచునేది తొమ్మిది దినాలు.'

'తొమ్మిది దినాలకు పద్దెనిమిదొందలు. అంటే దినానికి రెండొందలు. గుడ్డ, పాలు, కరక్కాయ, కట్టెలు అన్నీ అందులోనే!' చిన్నమ్మ నోటి మీద వేలేసుకుంది. 'మా తోటలో కాయలు కోసేదానికి వచ్చినోళ్లకే ఇంతకు రెండింతల పైన ఇస్తా ఉండానే!'

ఆవిడ ఓ మాట అంది. మాకు ఇంకా చెవుల్లోనే ఉంది. 'కొనకపోతే బాధ లేదమ్మా. మిషను మీద అచ్చేసిన గుడ్డను చూపించి, అది అంతకే వస్తాది కదా అంటారు చూడు, అదే బాధ. మా పిల్లోడు కూడా అదే అడగతాడు. ఇది నేర్చుకుంటే ఏమొస్తాదని.'

ఇలా గుర్తుపట్టండి

నా చున్నీ సంగతి కూడా ఆవిడే తేల్చింది. 'తిరగేసి చూడండి. అచ్చు గుడ్డకు వెనక వైపు రంగు వెలవెలబోతాది. చేత్తో రాసింది వెనక్కి కూడా దిగతాది. పువ్వు పక్కన పువ్వు పెట్టి చూడండి. అన్నీ ఒకే తీరుగా ఉంటే అది మిషనుది. చేత్తో వేస్తే ఏ రెండూ ఒకటిగా రావు. గీత కూడా ఒకచోట లావు, ఒకచోట సన్నం. కొత్త గుడ్డయితే వాసన చూడండి. పాలు, కరక్కాయ వాసన వస్తాది.' నా చున్నీలో ఇరవై పూలు వెతికాను. ఇరవైకి ఇరవై కవలలే!

ఈ కళ ఒకప్పుడు దాదాపు ఆరిపోయే స్థితికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో మళ్లీ ఊపిరి పోసుకుంది. 1950ల్లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. పాత తరం కళాకారులే గురువులయ్యారు. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గుర్తింపులకు లోటు లేదు. లోటంతా అరుగు దగ్గరే, ధర అడిగే మన గొంతులోనే!

చిన్నమ్మ పద్దెనిమిది వందలూ లెక్కపెట్టి ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో 'ఆ గణపతి తాత దగ్గర వంద తగ్గించకుండా ఉండాల్సింది' అని రెండుసార్లు అనుకుంది. చెల్లెలు తన కోసం ఫురోషికి కొలతలో ఓ గుడ్డ చేసివ్వమంది. అడ్వాన్సు ఇస్తూ ఓ షరతు పెట్టింది. మూలన మీ పేరు రాయాలని. ఆవిడ తెగ సిగ్గుపడింది. 'బొమ్మల కింద కథ రాస్తాం గానీ, మా పేరెందుకమ్మా!'

నెల తర్వాత ఆ గుడ్డ వడమాలపేటకు వచ్చింది. అప్పటికి చెల్లెలు టోక్యో వెళ్లిపోయింది. చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూలన, తీగ చివర, చూస్తే గానీ కనపడనంత చిన్న అక్షరాల్లో తెలుగులో ఓ పేరుందట. 'కొరియర్‌లో పంపాల కదా. నలక్కుండా దేంట్లో చుట్టేదా అని చూస్తా ఉంటే ఆ జపాను గుడ్డ కనపడింది. దాంట్లోనే కట్టేసినా' అంది.

సరసమైన ధర అంటే మనకు తక్కువ పడేది కాదు, చేసినవాళ్లకు గిట్టేది. శ్రీకాళహస్తి వెళ్లే పనుంటే ఓ గంట ఎక్కువ పెట్టుకోండి. గుడి నుంచి ఆ వీధుల్లోకీ వెళ్లి రండి.

ఎలా వెళ్లాలి?

వడమాలపేటకు తిరుపతి, పుత్తూరుల నుంచి బస్సులుంటాయి. తిరుపతి నుంచి పాతిక కిలోమీటర్లలోపే. శ్రీకాళహస్తి తిరుపతికి సుమారు 36 కిలోమీటర్లు. రేణిగుంట, శ్రీకాళహస్తిల్లో రైల్వేస్టేషన్లున్నాయి. మాధవమాలకు సొంత వాహనమైతే సౌకర్యం. వానలు వెలిశాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళితే ఎండ బాధ ఉండదు. స్వర్ణముఖిలో నీళ్లుంటే ఉతికే దృశ్యమూ చూడొచ్చు. వడమాలపేట మండలంలోనే ఉన్న అప్పలాయగుంట తప్పక చూడాలి. అక్కడి ప్రసన్న వేంకటేశ్వరస్వామి అభయహస్తంతో దర్శనమిస్తాడు. సమయముంటే తిరుపతిలో తిరుచానూరు రోడ్డులోని శిల్పారామానికీ వెళ్లొచ్చు. పిల్లలతో వెళితే కలం పట్టుకుని ఓ గీత గీయనివ్వమని కళాకారుల్ని అడగండి. మా అనుభవంలో కాదనలేదు.